ద్రాక్షతోటలో రెండు వారాలు

పాయసం గిన్నె ముందు కూర్చున్న పిల్లల్ని ఎప్పుడైనా గమనించారా? ముందు జీడిపప్పు ఏరుకుంటారు. తర్వాత నేతిలో వేగి బుంగల్లా ఉబ్బిన కిస్మిస్ మీద పడతారు. సేమ్యా సంగతి ఆఖరికి. మా ఇంట్లోనూ అంతే. అందుకే పండగ ముందు బేగంబజార్ వెళ్ళినప్పుడు పావుకిలో కిస్మిస్ ఎక్కువే తెస్తాం.

ఒకసారి దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి ఎర్రగా, గుండ్రంగా ఉంది. రెండోది లేతాకుపచ్చగా, కాస్త పొడుగ్గా ఉంది. ధరలో బాగా తేడా.

"ఎందుకు సేఠ్ అంత తేడా?" అని అడిగాను.

"అది ఎండలో ఎండింది సాబ్. ఇది నీడలో ఎండింది. కాందహారీ మాల్" అన్నాడాయన.

నీడలో ఎండటమేమిటి? వడియాలైనా, మిరపకాయలైనా, ఒరుగులైనా మనకు ఎండ ఉంటేనే ఎండుతాయి. ఆ ఒక్కమాట పట్టుకుని చదువుకుంటూ పోతే కిస్మిస్ కథ కాస్తా యుద్ధం కథ అయి కూర్చుంది. ఈ వారం ఆ కథే చెప్పుకుందాం.

గోడలకు బెజ్జాలు

కాందహార్ పల్లెల్లో ద్రాక్ష ఎండబెట్టడానికి ప్రత్యేకంగా ఇళ్ళు కడతారు. కిస్మిస్ ఖానా అంటారు. మట్టి గోడలు, రెండు మూడు అడుగుల మందం. లోపల వరసలుగా కర్రలు, వాటికి ద్రాక్ష గుత్తులు. గోడ నిండా సన్నని, నిలువు బెజ్జాలు. ఎడారి మీదుగా వచ్చే వేడిగాలి ఆ బెజ్జాల్లోంచి దూరి పండును ఆరబెడుతుంది. ఎండ తగలదు కాబట్టి రంగు పోదు. మన పావుకిలో పొట్లంలో ఉన్న లేతాకుపచ్చ ఆ చీకటిగది పుణ్యమే.

తోటలూ మన తోటల్లా ఉండవు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్‌షాహీ తోటలు చూసినవాళ్ళకు ద్రాక్ష అంటే పందిరి గుర్తొస్తుంది. అక్కడ పందిరి లేదు. కర్ర దొరకటం కష్టం. అందుకని పొలమంతా లోతుగా కాలవలు తవ్వి, ఆ మట్టితో పక్కన గట్లు పోస్తారు. కొన్నిచోట్ల గట్టు మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. తీగ ఆ గట్టు మీద పాకుతుంది. నీళ్ళు కాలవలో పారతాయి. ఎన్నో తరాల రైతు తెలివి అది.

ఇప్పుడు అదే తోటను రైతు కళ్ళతో కాకుండా సిపాయి కళ్ళతో చూడండి. వరసగా తవ్విపెట్టిన కందకాలు. ప్రతి వందగజాలకూ ఫిరంగిని ఆపే గోడ. ఆ గోడకు తుపాకీ గొట్టం సరిగ్గా పట్టే బెజ్జాలు. పైన ఆకుల కప్పు. ఏ ఇంజనీరూ కాయితం మీద గీయకుండానే ఊరు ఊరంతా కోట అయిపోయింది.

2006 సెప్టెంబరులో ఆ కోట మీదికి కొన్ని దేశాల సంకీర్ణ సేనలు వెళ్ళాయి. ఆ చర్యకు పెట్టిన పేరు ఆపరేషన్ మెడూసా. సెప్టెంబరు 2న మొదలై 17న ముగిసిందని ప్రకటించారు. గట్టిగా రెండు వారాలు. అది ద్రాక్ష కోతల కాలం.

ఎక్కడిదీ పంజ్వాయి?

కాందహార్ పేరు మనకు కొత్త కాదు. 1999 డిసెంబరు ఆఖరి వారంలో హైజాక్ అయిన మన విమానం ఆగిన ఊరు. ఆ రోజుల్లో టీవీల ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కోని ఇల్లు లేదు. ఆ నగరానికి పడమట, అర్ఘందాబ్ నది పక్కన ఉన్నవే పంజ్వాయి, జరీ అనే రెండు తాలూకాలు. నీళ్ళున్నాయి కాబట్టి తోటలున్నాయి. తోటలున్నాయి కాబట్టి ఊళ్ళున్నాయి. దేశాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రహదారి పక్కనుంచే పోతుంది.

ఆ నేలకు యుద్ధం కొత్త కాదు. ఇంకాస్త పడమటికి వెళితే మైవంద్. 1880 జూలై 27న అక్కడ బ్రిటిష్ సైన్యం చిత్తుగా ఓడింది. అందులో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. బొంబాయి పటాలాలవాళ్ళు. 1980లలో రష్యా సేనలకూ ఈ తోటలు కొరుకుడు పడలేదు. 1994లో తాలిబాన్ అనే మాట పుట్టిందీ ఈ చుట్టుపక్కలే. సంగిసార్ అనే పల్లెలో మతపాఠాలు చెప్పుకునే ముల్లా ఒమర్ అక్కడినుంచే బయల్దేరాడు.

2001 ఆఖరులో తాలిబాన్ పాలన కూలింది. ప్రపంచం చూపు ఇరాక్ వైపు మళ్ళింది. పోయినవాళ్ళు పోయారనుకున్నారు. పోలేదు. 2006 వచ్చేసరికి కాందహార్ దారుల మీద బాంబులు, కిడ్నాపులు మామూలైపోయాయి. ఆ ఏడాది ఏప్రిల్ ఆఖరులో పక్కనున్న జాబుల్ రాష్ట్రంలో ఒక టెలికాం పని మీద వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరును ఎత్తుకుపోయి చంపేశారు. నగరంలో ఆ ఇంటి ముందు గుమిగూడిన జనం ఫోటోలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. యుద్ధం ఎక్కడో జరుగుతోందిలే అనుకునేవాళ్ళకు అది మన వీధిలోకి వచ్చిన రోజు.

2006 జూలై 31న అఫ్గానిస్తాన్ దక్షిణ భాగం బాధ్యత నాటో చేతికి వచ్చింది. కాందహార్ కెనడా వంతు. సేనాని బ్రిగేడియర్ జనరల్ డేవిడ్ ఫ్రేజర్. చేతిలో ఉన్న కెనడా సైన్యం రెండు వేల పైచిలుకు. వంటవాళ్ళు, మెకానిక్కులు, వైద్యులు, గుమాస్తాలు పోను తుపాకీ పట్టి కాలినడకన పొలంలోకి దిగే కాల్బలం కొన్ని వందలు. కాందహార్ రాష్ట్రం ఎంతో తెలుసా? మన తెలంగాణలో దాదాపు సగం. లెక్క అక్కడే తప్పింది. ఆ సంగతి మళ్ళీ చెప్పుకుందాం.

అసలు రైతు ఎటు?

తోటల్లో తుపాకులు పట్టినవాళ్ళంతా బయటనుంచి వచ్చిన తాలిబాన్లేనా? కాదు. అక్కడే ఉంది మెలిక.

2006 ఆగస్టులో తిరుగుబాటును అణచమని అబ్దుల్ రాజిక్ అనే సరిహద్దు పోలీసు నాయకుణ్ణి కాందహార్ అధికారులు పంజ్వాయికి పంపారు. ఆయనది అచక్‌జాయ్ తెగ. పంజ్వాయిలో నూర్జాయ్ తెగవాళ్ళు ఎక్కువ. ఈ రెండు తెగలకూ పాత పగలున్నాయి. పోలీసు దుస్తుల్లో పగవాళ్ళు తమ ఊళ్ళమీదికి వస్తున్నారన్న కబురు ఊరూరా పాకింది. అంతవరకూ గోడమీద పిల్లుల్లా ఉన్నవాళ్ళు కూడా తుపాకులు తీశారు. తాలిబాన్ మీద ప్రేమతో కాదు. ఇల్లు కాపాడుకోవడానికి. ప్రభుత్వం పంపిన మనిషే ప్రభుత్వానికి శత్రువుల్ని పెంచి వెళ్ళాడు.

ఈ చిక్కు మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో, నల్లమల అంచుల్లో 1980లు, 90లు చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రాత్రి అన్నం పెట్టమని ఒకరొస్తారు. పొద్దున్నే 'ఎవరికి పెట్టావురా' అని ఇంకొకరొస్తారు. ఆ యుద్ధం వేరు, ఈ యుద్ధం వేరు. కారణాలు వేరు, మనుషులు వేరు. కానీ ఇద్దరి మధ్య చిక్కుకున్న రైతు ముఖం మాత్రం ఎక్కడైనా ఒక్కలాగే ఉంటుంది.

మొదటి మూడు రోజులు

ముందుగా ఊళ్ళమీద కరపత్రాలు జల్లారు. రేడియోలో చెప్పారు. 'యుద్ధం వస్తోంది, వెళ్ళిపోండి' అని. వేల కుటుంబాలు మూటాముల్లే సర్దుకుని కాందహార్ వైపు దారిపట్టాయి. పండిన గుత్తులు తీగకే ఉన్నాయి. శత్రువుకు కూడా కబురందినట్టే కదా అంటారేమో. నిజమే. కానీ జనాన్ని ఖాళీ చేయించకుండా బాంబులు వెయ్యకూడదు. చేయిస్తే ఎదుటివాడు సర్దుకుంటాడు. ఈ తరహా యుద్ధంలో ప్రతి అడుగూ ఇలాంటి ఇరకాటమే.

పథకం కాగితం మీద బాగుంది. కెనడా బలగం ముందు. వెనక అమెరికా, బ్రిటన్, డచ్, డేనిష్ బలగాలు, వాటితోపాటు అఫ్గాన్ సైనికులు. దక్షిణాన మసూమ్ ఘర్ అనే గుట్ట ఎక్కి, నదికి అవతల ఉన్న పాష్ముల్ ఊళ్ళమీద మూడు రోజులపాటు ఫిరంగులు, విమానాలతో మోదాలి. ఆ తర్వాతే కాల్బలం నది దాటాలి.

సెప్టెంబరు 2న మొదటిరోజే అపశకునం. పైనుంచి నిఘా వేస్తున్న బ్రిటిష్ నిమ్రాడ్ విమానం కూలిపోయి 14 మంది మరణించారు. శత్రువు కొట్టింది కాదు. గాలిలో ఇంధనం నింపుకున్నాక కారిన చమురు అంటుకుంది. పాత విమానం, చూసీచూడనట్టు వదిలేసిన లోపాలు. 2009లో వచ్చిన విచారణ నివేదిక ఆ నిర్లక్ష్యాన్ని కడిగిపారేసింది.

గుట్టమీంచి చూస్తే ఊళ్ళలో అలికిడి లేదు. శత్రువు పారిపోయాడేమో, పోతున్నాడేమో అనిపించింది. మూడు రోజులు ఆగక్కర్లేదు, దాటండి అని సెప్టెంబరు 3నే ఆజ్ఞ వచ్చింది. కింద ఉన్న పటాలం నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఒమర్ లవోయ్‌కి ఆ తొందర నచ్చలేదు. అయినా సైన్యంలో ఆజ్ఞ ఆజ్ఞే.

రాయల్ కెనడియన్ రెజిమెంటుకు చెందిన చార్లెస్ కంపెనీ ఎండిన నదిని దాటింది. ఎదురుగా ఒక తెల్లటి బడి. పిల్లలు ఎప్పుడో మానేసిన బడి. సరిగ్గా నెల కిందట, ఆగస్టు 3న, ఆ బడి దగ్గరి పోరులోనే నలుగురు కెనడా సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే బడి, అదే దారి. దగ్గరకొచ్చేదాకా అవతలివాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆ తర్వాత మూడు వైపులనుంచీ రాకెట్లు, తుపాకులు ఒక్కసారిగా పేలాయి. సాయుధ బళ్ళమీది ఫిరంగి గుండ్లు కిస్మిస్ ఖానా గోడలకు తగిలి మట్టి రాల్చాయంతే. పెద్ద కాంక్రీటు గోడైతే బీటలిచ్చేదేమో. ఏళ్ళ తరబడి ఎండలో కాలిన బంకమన్ను గుండును మింగేసింది. ఆ రోజు నలుగురు సైనికులు చనిపోయారు. మిగిలినవాళ్ళు గాయపడినవాళ్ళను మోసుకుని గుట్ట దగ్గరికి వెనక్కి వచ్చారు.

మర్నాడు తెల్లవారుజామున ఇంకో ఘోరం. మళ్ళీ దాడికి సిద్ధమవుతూ సైనికులు పోగైన చెత్తకు నిప్పు పెట్టారు. పైన అమెరికా ఏ-10 విమానం. కింద మంట. అదే తాను కొట్టాల్సిన చోటనుకున్నాడు పైలట్. కొన్ని క్షణాలు పేల్చి, తప్పు తెలిసి ఆపాడు. ఆ కొన్ని క్షణాల్లోనే ఒకరు చనిపోయారు. ముప్పైమందికి పైగా గాయపడ్డారు. వాళ్ళలో కంపెనీ నాయకుడు కూడా ఉన్నాడు. చనిపోయిన ఆ యువకుడు 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కెనడా తరఫున రిలే పరుగెత్తిన క్రీడాకారుడు.

రెండు రోజుల్లో ఒక కంపెనీ మొత్తం కూలబడిపోయింది. శత్రువు కొట్టిన దెబ్బ సగం, సొంతదెబ్బ సగం.

గట్టు గట్టూ దాటుకుంటూ

అప్పుడు పథకం మార్చారు. దక్షిణాన గట్టిగా చప్పుడు చేస్తూ, అసలు దెబ్బ ఉత్తరాన రహదారి వైపునుంచి కొట్టారు. ఈసారి తొందరపడలేదు. బుల్డోజర్లు గట్లు తెగ్గొట్టి దారి చేస్తాయి. ఫిరంగులు ముందున్న తోటను మోదుతాయి. తర్వాత సిపాయిలు నడిచివెళ్ళి ఆ ఒక్క తోటా చూసుకుంటారు. మళ్ళీ ఇంకో తోట. పొలం దున్నినట్టు, చాలు వెనక చాలు. పడమటి వైపు స్పెర్వాన్ ఘర్ అనే ఇంకో గుట్టను కొద్దిమంది అమెరికా ప్రత్యేక దళాలవాళ్ళు, అఫ్గాన్ సైనికులు కలిసి గట్టి పోరు మీద పట్టుకున్నారు.

సెప్టెంబరు రెండో వారం దాటేసరికి తెల్లబడి చేతికొచ్చింది. తీరా చూస్తే అక్కడ ఎదిరించేవాళ్ళు పెద్దగా లేరు. చచ్చినవాళ్ళు చచ్చారు. మిగిలినవాళ్ళు తుపాకులు దాచి జనంలో కలిసిపోయారు, లేదా పడమటికి జారుకున్నారు. సెప్టెంబరు 17న గెలిచామని ప్రకటించారు. ఐదొందలమందికి పైగా తిరుగుబాటుదారులు చనిపోయారని నాటో చెప్పింది.

న్యాయంగా ఒకమాట చెప్పుకోవాలి. అది ఉత్త డప్పు కాదు. పెద్ద సంఖ్యలో పోగై, కందకాలు పట్టి, ఎదురుబొదురుగా నిలబడి కాందహార్ నగరాన్ని బిగించాలన్న ఎత్తుగడ ఆ రెండు వారాల్లో దెబ్బతింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పని మళ్ళీ చెయ్యడానికి వాళ్ళు సాహసించలేదు. సిపాయిలకు చెప్పిన పని ఆ నేలను పట్టుకోమని. పట్టుకున్నారు.

పద్దెనిమిదో తారీఖు

మరి 18న ఏమైంది?

పంజ్వాయిలో కెనడా సైనికులు ఊరిపిల్లల మధ్య నిలబడి ఉన్నారు. యుద్ధం అయిపోయింది కదా, పిల్లలకు చిన్నచిన్న కానుకలు పంచుతున్నారు. ఒకడు సైకిలు మీద వచ్చాడు. ఒంటికి కట్టుకున్న బాంబు పేల్చుకున్నాడు. నలుగురు సైనికులు చనిపోయారు. పిల్లలకు గాయాలయ్యాయి. మూడో తారీఖు నది దాటినప్పుడు పోయిందీ నలుగురే. గెలిచిన మర్నాడు పోయిందీ నలుగురే.

కందకాల్లో నిలబడి ఓడినవాడు కందకం వదిలేశాడు. రోడ్డు కింద బాంబు పెట్టాడు. సైకిలెక్కాడు. రాత్రిపూట ఊరిపెద్ద తలుపు తట్టాడు. వాడితో పోరాడటానికి ఐదొందల ఫిరంగి గుండ్లు అక్కర్లేదు. ఊరికి ఇద్దరు నమ్మకమైన పోలీసులు కావాలి. రైతు ధైర్యంగా ఎదుట కూర్చుని మాట్లాడే తాసిల్దారు కావాలి. రేపూ ఉంటాం, వచ్చే ఏడూ ఉంటాం అని చెప్పగలిగే మనుషులు కావాలి. ఇందాక తప్పిన లెక్క ఇదే. కొన్ని వందలమందితో ఊరిని పట్టుకోవచ్చు. వాళ్ళే వెళ్ళి పక్క ఊరిని పట్టుకోవాల్సి వస్తే మొదటి ఊరిని ఎవరు చూస్తారు?

కెనడా ప్రభుత్వం ట్యాంకులు పంపింది. కొరియా యుద్ధం తర్వాత కెనడా ట్యాంకులు పోరులోకి దిగటం అదే మొదలు. ఎందుకో తెలుసుగా? ఆ మట్టిగోడల కోసం. రహదారినుంచి తోటల మధ్యగా ఓ నాలుగు కిలోమీటర్లు కొత్తరోడ్డు వేశారు. మాటుకు అడ్డం లేకుండా ఇరువైపులా వెడల్పుగా చదును చేశారు. రోడ్డు మంచిదే. అయితే ఆ చదునైంది ఎవరి తోట? ద్రాక్షతీగ నాటితే కాపుకు రావడానికి మూడేళ్ళన్నా పడుతుంది. ఆ రోడ్డుకు కాపలాకాస్తూ కూడా అక్టోబరులో ఇంకొందరు సైనికులు ప్రాణాలు విడిచారు.

అదే అక్టోబరు 24న, రంజాన్ పండగ రోజుల్లో, పంజ్వాయి మీద జరిగిన వైమానిక దాడుల్లో పౌరులు చనిపోయారు. పదులకొద్దీ అని స్థానిక నాయకులన్నారు. అంతమంది కాదని నాటో అంది. లెక్కల గొడవ లెక్కలదే. పండక్కి ఇల్లు చేరినవాళ్ళకు సమాధులు తవ్వడం ఊరివంతు అయింది.

2008లో గ్రేమ్ స్మిత్ అనే కెనడా పాత్రికేయుడు కాందహార్ ప్రాంతంలో నలభైమందికి పైగా తాలిబాన్ సామాన్య కార్యకర్తలను ప్రశ్నలడిగించి రికార్డు చేయించాడు. 'ఎందుకు తుపాకీ పట్టావు?' అంటే, దాదాపు మూడోవంతు మంది తమ ఇంట్లోవాళ్ళు బాంబుదాడిలో పోయారని చెప్పారు. మన పురాణాల్లో రక్తబీజుడి కథ ఉంది కదా. నెత్తురుబొట్టు నేలరాలినచోటల్లా ఇంకొకడు లేస్తాడు. వాణ్ణి చంపడానికి అమ్మవారు ఏం చెయ్యాల్సివచ్చింది? బొట్టు కింద పడకుండా చూడాల్సివచ్చింది. కత్తి పదునుతో తేలే పని కాదది.

వంతెన మీద మనుషులు

మా అక్కకొడుకు అప్పట్లో టొరంటోలో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు ఫోను చేసి, "మావయ్యా, ఇవాళ రోడ్డుమీద విచిత్రం చూశాను" అన్నాడు. నాలుగొందల ఒకటో నంబరు రహదారి. పైన ప్రతి వంతెన మీదా జనం. చలిలో జెండాలు పట్టుకుని నిలబడి ఉన్నారట. ఫైరింజన్లు ఆగి ఉన్నాయి. ఎవరో మంత్రి వస్తున్నాడనుకున్నాడు వీడు. కాదు. కింద వరసగా నల్లబళ్ళు వచ్చాయి. ట్రెంటన్ వైమానిక స్థావరంలో దిగిన శవపేటిక టొరంటోకు వెళుతోంది. చప్పట్లు లేవు, నినాదాలు లేవు. బళ్ళు దాటిపోయేదాకా నిలబడి, ఇళ్ళకు వెళ్ళిపోయారట. 2007లో ఆ దారికి వీరుల రహదారి అని పేరుపెట్టారు. అఫ్గానిస్తాన్‌లో కెనడా పోగొట్టుకున్న సైనికులు మొత్తం 158 మంది.

"ఈ పంజ్వాయి ఎక్కడుంది మావయ్యా? పేపర్లో రోజూ అదే పేరు" అని అడిగాడు. చెప్పాను. మనం తినే కిస్మిస్ ఊరు అన్నాను.

వాడు చెప్పింది విన్నాక నాకు రెండో వైపు గుర్తొచ్చింది. పంజ్వాయిలో వంతెనలు లేవు. అక్కడి శవాల వెంట నలుగురు మగవాళ్ళు, ఒక నులకమంచం. వాళ్ళ లెక్క రాసి ఉంచిన ఫలకం ఎక్కడా లేదు. ఇద్దరు తల్లుల దుఃఖంలో ఒకటి పెద్ద, ఒకటి చిన్న అనలేం కదా.

తర్వాతి కథ

2010 శరదృతువులో జరీ తోటల్లోకి అమెరికా సేనలు వేలమందితో మళ్ళీ దిగాయి. నాలుగేళ్ళ కిందట గెలిచిన నేలనే మళ్ళీ గెలవడానికి. ఈసారి బాంబులు అమర్చి ఉన్నాయని ఖాళీ ఇళ్ళను, చెట్లవరసలను, కిస్మిస్ ఖానాలను కూలగొట్టుకుంటూ వెళ్ళాయి. 2006లో ఫిరంగికి లొంగని గోడలు 2010లో మందుపాతరకు లొంగాయి. 2011 జూలైలో కెనడా కాందహార్ పోరునుంచి తప్పుకుంది. 2012 మార్చి 11న పంజ్వాయిలో ఒక అమెరికా సైనికుడు రాత్రివేళ ఇళ్ళలోకి చొరబడి 16 మందిని కాల్చిచంపాడు. అందులో తొమ్మిదిమంది పిల్లలు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. అబ్దుల్ రాజిక్ పెద్ద పోలీసు అధికారి అయి, 2018 అక్టోబరులో హత్యకు గురయ్యాడు. 2021 జూలై మొదట్లో పంజ్వాయి తాలిబాన్ల వశమైంది. ఆగస్టు మధ్యకల్లా కాందహార్, ఆ వెంటనే కాబూల్.

అంటే ఆ రెండు వారాలు వృథాయేనా? నది దాటిన ఆ కుర్రాళ్ళ ధైర్యం వృథా అని మాత్రం నేను అనలేను. తోటివాణ్ణి వదలకుండా భుజాన వేసుకుని గుండ్లవానలో వెనక్కి నడిచినవాడి ధైర్యానికి రాజకీయం అంటదు. తప్పు ఎక్కడంటే, రెండు వారాల్లో తేలే పనికీ, ఇరవయ్యేళ్ళు కూర్చుని చెయ్యాల్సిన పనికీ ఒకే పేరు పెట్టటంలో. సైన్యానికి చేతనయిన పని నేలను ఖాళీ చేయించడం. ఆ నేలమీద మళ్ళీ మనుషులు నమ్మకంగా బతికేలా చెయ్యటం సైన్యం పని కాదు. అది చెయ్యాల్సినవాళ్ళు సిద్ధంగా లేరు. గెలిచినరోజు సాయంత్రం ఊరిరైతు అడిగే ప్రశ్న ఒక్కటే. 'రేపు మీరుంటారా?' మెడూసా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

గ్రీకు పురాణంలో మెడూసా తలమీద జుట్టుకు బదులు పాములుంటాయి. ఆమె కళ్ళలోకి చూసినవాళ్ళు రాయైపోతారు. ఆ పేరు ఎవరు, ఏమనుకుని పెట్టారో గానీ, ఒకటి మాత్రం నిజం. అక్కడ చూసినవాళ్ళెవరూ, వాళ్ళవైపుగానీ వీళ్ళవైపుగానీ, మునుపటి మనిషిలా తిరిగిరాలేదు.

మొన్న పండక్కి మళ్ళీ బేగంబజార్ వెళ్ళాను. దుకాణంలో ఇప్పుడు సేఠ్ కొడుకు కూర్చుంటున్నాడు.

"కాందహారీ ఉందా?" అన్నాను.

"ఉంది అంకుల్, ఫ్రెష్ మాల్" అని గుప్పెడు చేతిలో పోశాడు. లేతాకుపచ్చగా, పొడుగ్గా ఉంది. అంటే ఎవరో మళ్ళీ మట్టి తొక్కి, గోడ పెట్టి, గాలికోసం బెజ్జాలు వదిలారన్నమాట.

పావుకిలో కట్టించుకుని ఇంటికొచ్చాను.